అంటుకోని గ్యాస్

నరేష్ మా షెడ్డు ముందు కారు ఆపి దిగినప్పుడు నాకు భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. దొరికాడు అనుకున్నాను.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు మాది. చేతిపని ఖలీల్ చూసుకుంటాడు, సామాన్లూ బేరాలూ నేను చూసుకుంటాను. నా భర్త సామ్యూల్ లోపల కూర్చుని తన చేతనైన పని చేస్తాడు. ఆయన రెండు చేతుల వేళ్లూ కాలి ముడుచుకుపోయాయి. వాటిని అలా చేసినవాడు ఈ నరేషే.

అప్పట్లో సామ్యూల్ పులివెందులలో ఒక బడి వ్యాను తోలేవాడు. బడి వేదవ్యాస గారిది. ఏసీ పనిచేయడం లేదని వ్యానును జమ్మలమడుగులో నరేష్ దగ్గరికి పంపారు. గ్యాస్ పట్టించుకుని తిరిగి వస్తుంటే ముద్దనూరు దాటాక ఏదో వాసన వచ్చిందట. గాలి కోసం ఏసీ స్విచ్ తిప్పగానే బండి లోపల భగ్గుమంది. దేవుని దయ, పిల్లలెవరూ లేరు. నరేష్ మాత్రం సారు దగ్గరికి పరుగెత్తి, "నా గ్యాస్ అంటుకునేది గాదు సార్. మీ డ్రైవరు బీడీ కాల్చింటాడు" అన్నాడు. సారు నమ్మారు.

మా వైపు అన్నిటికీ ఒకటే మాట, గ్యాస్. కారుకు పట్టించేదీ గ్యాసే, పొయ్యికి పెట్టేదీ గ్యాసే, కడుపుబ్బరమూ గ్యాసే. అంత చదివిన మనిషికి కూడా ఏ గ్యాస్ పట్టావురా అని అడగాలని తోచలేదు.

సామ్యూల్ జన్మలో బీడీ ముట్టిన మనిషి కాదు. ఉద్యోగం పోతే పోయింది. మా చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన నాడు అందరికీ రొట్టె పళ్లెం తిప్పే పని ఆయనది. బీడీ కాల్చి బడి బండి తగలబెట్టినవాడి చేతి రొట్టె ఎవరు తీసుకుంటారని పెద్దలు ఆ పని మాన్పించారు. ఆయన పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ గ్యాసుల సంగతంతా నేను నేర్చుకున్నది బతుకుతెరువు కోసం కాదు, పగ కోసం.

ఇప్పుడు వచ్చిన కారు వేదవ్యాస గారి పాత కాంటెస్సా. ముందు సీట్లో సారు, వెనక ఆయన మనవరాలు హాసిని. ఏసీ కాయిల్ కారిపోతోందని, దాని సామాను జమ్మలమడుగులో దొరకదని నరేష్ ఇక్కడికి తెచ్చాడు. సారుకు నేనెవరో తెలియదు. షెడ్డు మాదని వాడికీ తెలియదు. నన్ను చూసి మొహం మాడ్చుకున్నాడు, అంతలోనే ఇకిలించాడు.

"బాగుండావా అక్కా?"

"బాగనే ఉండాం. తాళం ఇయ్యి."

ఖలీల్ కారును వెనక ఖాళీ స్థలంలోకి తోసి ఏసీ పైపు వదులు చేశాడు. గుప్పున వంటింటి వాసన.

"ఏంది నరేషూ ఈ వాసన?" అన్నారు సారు.

"పాత ఆయిల్ సార్. పాత బండి గదా."

సారు తల ఊపారు. నేను ముందుకొచ్చాను.

"సార్, ఈ కారుకు కంపెనీ వాళ్లు పెట్టిన గ్యాస్ పన్నెండు నంబరు. ఇప్పుడది తయారు చేయడంల్యా. దాని బదులు నూటముప్పైనాలుగు నంబరుది పట్టొచ్చు. దానికి లోపలి ఆయిలు, రబ్బరు రింగులు, డ్రయ్యరు అన్నీ మార్చాల. అది లీకైనా అంటుకోదు. లేదా, నరేష్ పట్టే గ్యాస్ ఉండనే ఉంది. అదేందో ఆయప్పనే చెప్పమనండి."

"నాది స్పెషల్ సార్. ఏమీ మార్చే పన్లే. శానా చల్లగుంటాది."

"అంటుకుంటాదా?" అని అడిగాను.

"అంటుకోదు. ఆ పొద్దే చెప్పినా గదా సారుకు."

"అయితే అదే పట్టమ్మా," అన్నారు సారు.

ఆయన మనవరాలి చెయ్యి పట్టుకుని నీడలోకి వెళ్లగానే నరేష్ నా చెవి దగ్గరికి వంగాడు.

"బండది పట్టక్కా. సారుకు తెల్దులే."

బండ అంటే ఇంట్లో వాడే ఎర్ర సిలిండరు. ఇన్నేళ్లకు వాడి నోటితోనే విన్నాను, కానీ నేనొక్కదాన్నే విన్నాను. అది చాలదు. ఎల్లుండి రమ్మని పంపేశాను.

వాళ్లు వెళ్లాక ఖలీల్ బిత్తరపోయి చూశాడు. "అక్కా, నిజంగా ఆయప్ప గ్యాసే పడతావా?"

"పిచ్చా నీకు? ఆ పాప ఎక్కేది ఈ కార్లోనే. నూటముప్పైనాలుగే పట్టు. అన్నీ మార్చు. కానీ వాళ్లొచ్చే టయానికి మనింటి బండ తెచ్చి కారు పక్కన పెట్టు."

సామ్యూల్ అంతా వింటూనే ఉన్నాడు. "ఏం చేస్తాండావు సుజాతా? నేను వాన్ని ఎప్పుడో క్షమించినా."

"నన్నడిగి క్షమించినావా?" అన్నాను.

చెప్పిన రోజు ముగ్గురూ వచ్చారు. కారు మంచులా ఉంది. సారు సంతోషించారు. నరేష్ ఎర్ర బండను చూశాడు, నన్ను చూశాడు, మీసాల్లో నవ్వుకున్నాడు. హాసినిని ఖలీల్ వెంట ఎదురుగా ఉన్న సోడా కొట్టుకు పంపించాను.

"నరేషూ, లోపల కూచ్చో. చల్లదనం నువ్వు సూసి చెప్పాల," అన్నాను.

వాడు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని తలుపు వేసి, నా వైపు అద్దం ఒక్క వేలెడు దించాను, సారుకు వినపడాలని.

"చిన్న లీకుంది నరేషూ, కాళ్ల కాడ. పొద్దన్నుంచి కారతాంది. ఫరవాలే గదా? నీ గ్యాస్ అంటుకోదు గదా?"

వాడి నవ్వు ఆగిపోయింది. నేను కొంగుముడి విప్పి ఒక బీడీ, అగ్గిపెట్టె తీశాను.

"ఇంద. మా ఆయన కాల్చినాడన్నావే, అట్లాంటి బీడీ. ముట్టించు."

"ఏందక్కా ఈ ఎగతాళి..."

"ముట్టించు నరేషూ," అన్నారు బయటి నుంచి సారు. "అంటుకోదన్నావు గదా."

వాడి చెయ్యి లేవలేదు. సరే, నేనే పుల్ల గీస్తానని పెట్టె తెరిచాను. పుల్ల తీసి పెట్టె పక్కన ఆనించానో లేదో, వాడు తలుపు తన్నుకుని బయట పడ్డాడు. మట్టిలో బోర్లా పడి అరిచాడు.

"ఆపక్కా! అది వంట గ్యాస్! కాలి సస్తావు! సార్, దూరం పోండి సార్!"

నేను పుల్ల గీశాను. అది నా వేళ్ల దాకా కాలి ఆరిపోయింది. ఇంకేమీ కాలేదు.

కారు దిగి, "నేను పట్టింది నూటముప్పైనాలుగు సార్. లీకు గూడా ల్యా. ఆయప్ప స్పెషల్ గ్యాస్ వంట గ్యాసేనని ఆయప్ప నోటితోనే విన్నారు," అన్నాను.

సారు సోడా కొట్టు దగ్గరున్న మనవరాలి వైపు చూశారు. ఆ పిల్ల ఎన్నాళ్లుగా ఏ గ్యాస్ నింపిన కారులో తిరిగిందో అప్పుడు తెలిసి వచ్చినట్టుంది. నరేష్ చెంప ఛెళ్లుమనిపించారు. తర్వాత షెడ్డు లోపలున్న సామ్యూల్ దగ్గరికి వెళ్లి ఆ చేతుల్ని పట్టుకోబోయి, పట్టుకోలేక ఆగిపోయారు.

"తప్పయిపాయ సామ్యూల్. మళ్లా బండెక్కు. నీ ఉద్యోగం నీదే."

"ఉద్యోగం మాకొద్దు సార్," అన్నాను. "ఆదివారం ప్రభువు బల్ల ఉంది, వీన్ని మా చర్చికి పిల్చుకొని రాండి. బీడీ మాట పుట్టించినోడే వచ్చి ఆడ చెప్పాల."

పిలుచుకొని వచ్చారు. నరేష్ అందరి ముందూ నిలబడి నేల చూస్తూ గొణిగాడు. నేను ఆడవాళ్ల వైపు నుంచి లేచాను.

"గట్టిగా చెప్పప్పా. వెనక బెంచీకి వినపడలా."

మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, గట్టిగా. వంట గ్యాస్ పట్టింది తానేనని, సామ్యూల్ బీడీ కాల్చలేదని. పాస్టరు గారు వెనక బెంచీ వైపు చెయ్యి చాచారు. సామ్యూల్ లేచి వచ్చి, ముడుచుకుపోయిన వేళ్లతోనే పళ్లెం ఎత్తుకుని వరస వరసకూ తిప్పాడు. అందరూ తీసుకున్నారు, వద్దన్న పెద్దలతో సహా.

పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు, ఇప్పుడైనా క్షమించావా అన్నట్టు ఆయన నా కళ్లలోకి చూశాడు. నేను రొట్టె తీసుకున్నాను. గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడిన నరేష్‌ను చూస్తూనే నమిలాను. కడుపు చల్లబడింది.