హన్నా గిటారు పట్టిన వాటం

జీవరత్నం బదిలీ ఉత్తర్వు 1975 ఫిబ్రవరి ఆరో తేదీన వచ్చింది. అతను బెజవాడ గూడ్సు ఆఫీసులో గుమస్తా. మార్చి ఇరవై నాలుగు, సోమవారం ఉదయం కాజీపేటలో చేరాలి. ఆ ఏడాది మట్టల ఆదివారం మార్చి ఇరవై మూడున పడింది. అంటే అతనికి ఊళ్లో మిగిలింది నలభై ఐదు రోజులు.

పదకొండేళ్లుగా రైల్వే కాలనీ చర్చిలో గిటారు వాయించేది అతనొక్కడే. మామూలు ఆదివారాల్లో హార్మోనియం ఉంటుంది కాబట్టి అతను రాకపోయినా పాట నడిచిపోతుంది. మట్టల ఆదివారం అలా కాదు. ఆ రోజు సంఘమంతా ఈత మట్టలు పట్టుకుని కాలనీ గేటు నుంచి చర్చి మెట్లదాకా పాడుకుంటూ నడుస్తారు. హార్మోనియాన్ని మోస్తూ వాయించడం ఎవరి తరమూ కాదు. ఊరేగింపులో పాటకు శ్రుతైనా, నడకకు తాళమైనా గిటారే.

జీవరత్నం గిటారు అతనితోనే వెళ్లిపోతుంది. చర్చికి సొంతంగా ఇంకొకటి ఉంది. ఎప్పుడో ఒక డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ ఇచ్చింది. దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టారు. దాన్ని గుడివాడ సంఘానికి పంపేద్దామని సంఘ పెద్ద సంజీవరావు మాస్టారు ఆరాధన అయ్యాక లేచి చెప్పారు. అక్కడ వాయించే మనిషి ఉన్నాడట.

"ఇక్కడే ఎవరన్నా నేర్చుకుంటామంటే చెప్పండి, ఉంచేద్దాం," అన్నారాయన.

మగవాళ్ల వైపు ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ల వైపు నుంచి హన్నా లేచింది.

"నేను నేర్చుకుంటానండీ మాస్టారూ."

హన్నాకు ఇరవై ఆరేళ్లు. వన్ టౌన్‌లో ఒక పార్శిల్ ఆఫీసులో టైపిస్టు. తల్లి ఆదెమ్మతో కాలనీ వెనక వీధిలో ఉంటుంది. ఆమెది పుర్రచేతి వాటం. మూడో తరగతిలో బలపం పట్టిన ఎడమచేతి మీద స్కేలుతో కొట్టి, రాత కుడిచేతికి మార్పించింది ఈ సంజీవరావు మాస్టారే. రాత మారింది. కూర తరగడం, సూదిలో దారం ఎక్కించడం, తాళం తియ్యడం మారలేదు.

"నీకెందుకమ్మాయ్, నీది పుర్రచెయ్యి కదా?" అన్నారు మాస్టారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "దేవుడి పాటకి ఎడమచెయ్యేంటి?"

"నేర్పేది అన్నయ్యగారు కదండీ. ఆయన్ని చెప్పమనండి."

అందరూ జీవరత్నం వైపు చూశారు. అతను అంతవరకూ ఎడమచేత్తో గిటారు వాయించే మనిషిని చూసి ఎరగడు.

"చూద్దామండి," అన్నాడు.

మాస్టారు గడువు పెట్టారు. మట్టల ఆదివారం ఊరేగింపులో జీవరత్నం వాయించకూడదు, హన్నా వాయించాలి. మూడు పాటలు. మధ్యలో ఆగకూడదు. వాయిస్తే గిటారు ఆమె దగ్గరే ఉంటుంది. లేకపోతే సోమవారం గుడివాడ బస్సెక్కుతుంది.

ఆ మూడు పాటలకు మూడు కార్డ్‌లు చాలు. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా పలికేట్టు తీగలు నొక్కిపట్టి మీటితే అది కార్డ్. జి, సి, డి. జీవరత్నం లెక్క ప్రకారం కుడిచేతి వాటం మనిషికి వాటిని నేర్పడానికి నెలరోజులు పడుతుంది.

మొదటి వారం అతనూ అందరిలాగే అనుకున్నాడు. రాత మార్చుకున్న మనిషి వాయింపు మార్చుకోలేదా అని, గిటారు తనలాగే పట్టించాడు. ఎడమచేత్తో నొక్కడం, కుడిచేత్తో మీటడం. నొక్కడం బాగానే వచ్చింది. మీటడం దగ్గర కుడిచెయ్యి మొరాయించింది. ఒక దెబ్బ ముందు పడేది, ఒక దెబ్బ వెనక పడేది. "ఒకటీ రెండూ మూడూ" అని అతను గొంతు పోయేలా లెక్కపెట్టినా లాభం లేకపోయింది.

ఆదివారం చర్చిలో వాయిస్తూ అతను తలెత్తి చూశాడు. హన్నా పాడుతూ ఒళ్లో పాటల పుస్తకం మీద తాళం వేస్తోంది. ఎడమచేత్తో. నాలుగు చరణాల్లో ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

"తాళం నీకు ఆ చేతిలో ఉందమ్మా," అన్నాడు ఆ సాయంత్రం. "నేను రెండో చేతిలో వెతుకుతున్నాను. తీగలు తిప్పేద్దాం."

ఆరు తీగలూ విప్పి, లావు తీగ ఉన్నచోట సన్నది, సన్నది ఉన్నచోట లావుది బిగించాడు. మోత తప్ప పలుకు రాలేదు. గిటారు మెడ చివర తీగలు ఆనుకునే చిన్న పట్టీ ఉంటుంది. దానికి ఆరు గాళ్లు. ఏ తీగ లావుకు తగ్గ గాడి ఆ తీగకు. ఇప్పుడు లావు తీగ గాడిలో దిగక పైకి తేలింది, సన్న తీగ గాడిలో పడి గిలగిలలాడింది.

మర్నాడు హన్నా గిటారును చీర కొంగుతో కప్పుకుని వన్ టౌన్ తీసుకెళ్లింది. వెంట జీవరత్నం వెళ్లాడు. వీణలు, హార్మోనియాలు బాగుచేసే పూర్ణచంద్రరావు గిటారును ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరండీ వాయించేది?"

"నేనేనండి," అంది హన్నా.

"పుర్రచెయ్యా? ముప్పై ఏళ్ల నుంచి ఈ కొట్లో ఉన్నాను. పుర్రచెయ్యని వాద్యం మానేసినవాళ్లే వచ్చారు గానీ వాద్యాన్ని తిప్పమని ఎవరూ రాలేదమ్మా."

"వచ్చాంగా. మరి తిప్పుతారా?"

పూర్ణచంద్రరావు నవ్వి, సొరుగులోంచి విరిగిన కొమ్ము దువ్వెన తీశాడు. దాని వెన్ను కోసి, ఆకురాయితో అరగదీసి, కొత్త పట్టీ చేసి, దానికి ఆరు గాళ్లు తీశాడు. రెండు రోజులు పట్టింది. మూడో రోజు తీగలు పలికాయి.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా, జీవరత్నం వరండాలో, ఎదురెదురు కుర్చీల్లో. అతని గిటారు మెడ అతని ఎడమకు ఉంటే, ఆమెది ఆమె కుడికి ఉండేది. అద్దంలో చూసినట్టే. అతను ఇంతకుముందు నేర్పిన శిష్యులు, బదిలీల మీద వేరే ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లంతా, ఎదురుగా కూర్చుని ఏ వేలు ఏ తీగ మీద ఉందో తికమకపడేవారు. హన్నాకు ఆ బాధ లేదు. అతని వేలు ఎక్కడుంటే తన వేలు అక్కడికి తీసుకెళ్లేది. ఇంత సులువుగా నేర్చుకునే శిష్యురాలు తనకు ఇంతకుముందు దొరకలేదని జీవరత్నం లోపల మురిసిపోయాడు.

అతని దగ్గర మద్రాసులో కొన్న పుస్తకం ఒకటి ఉండేది. అందులో బొమ్మలన్నీ కుడిచేతి వాళ్లకు. హన్నా దాన్ని ఒక్క రోజుకు అడిగి తీసుకెళ్లింది. కొత్త టైపిస్టులు కార్బన్ కాగితాన్ని తిరగేసి పెడుతుంటారు. అప్పుడు అక్షరాలు నకలు మీద పడకుండా, అసలు కాగితం వెనకవైపు ఎదురు తిరిగి పడతాయి. ఆఫీసులో ఆ తప్పుకు చీవాట్లు పడతాయి. హన్నా ఆ తప్పును కావాలని చేసింది. కాగితం కింద కార్బన్ తిరగేసి పెట్టి, బొమ్మలు గీసి, వెనకవైపు ఎడమచేతి బొమ్మలు తెప్పించుకుంది. జీవరత్నం ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత తెలివి ఎక్కడ దాచావమ్మా?"

"తిట్లు తిని సంపాదించానండీ అన్నయ్యగారూ."

వేళ్ల సంగతి వేరు. తీగ కోసుకోనిదే గిటారు ఎవరికీ రాదు. జీవరత్నానికీ కోసుకున్నాయి. కానీ అవి ఎడమచేతి వేళ్లు, అన్నం కలిపే వేళ్లు కావు. హన్నా తీగలు నొక్కేది కుడిచేత్తో. ఆదెమ్మ ఇంట్లో ఎడమచేత్తో తినడం జరిగే పని కాదు. పది రోజులకు నాలుగు వేళ్ల కొసలూ చిట్లాయి. ఆవకాయ కలిపిన మొదటి ముద్దకు హన్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు కంచం పక్కన చెంచా పెట్టుకుంది.

"ఏంటే అది, దొరసానిలాగా?" అంది ఆదెమ్మ.

"కారం మండుతోందే అమ్మా."

"మండితే మానెయ్."

"ఏది మానెయ్యను? తిండా, గిటారా?"

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పప్పులో కారం పడలేదు. వీధిలో కనిపించినప్పుడు మాత్రం ఆదెమ్మ జీవరత్నాన్ని నిలదీసింది.

"నీ పాఠం మా పప్పుకొచ్చిందయ్యా. చప్పిడి తిని చస్తున్నాను."

ఆ వేళ్లతోనే హన్నా పగలంతా టైపు కొట్టేది. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జీవరత్నం చేతిగడియారం చూసి లెక్కవేసేవాడు. జి నుంచి సి కి మారడానికి మొదట్లో తొమ్మిది సెకన్లు పట్టేది. మార్చి మొదటివారానికి రెండు. పదిహేనో తేదీకి గడియారం చూడటం మానేశాడు.

ఊరేగింపు ఇక నాలుగు రోజులుందనగా, బుధవారం సాయంత్రం, ఆఫీసు నుంచి ప్యూను వచ్చి గేటు దగ్గర పిలిచాడు. ఏదో వాగన్ కాగితం మీద సంతకం కావాలి.

"నువ్వు వాయిస్తూ ఉండమ్మా," అని జీవరత్నం లేచి వెళ్లాడు.

గేటు దగ్గరికి వినిపిస్తోంది. రెండో వరుసలో పాట ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి మొదటి వరుసలోనే ఆగింది.

అతను తిరిగి వచ్చేసరికి హన్నా చెయ్యి తీగల మీద అలాగే ఉంది.

"మీరు ఎదురుగా లేకపోతే రావట్లేదండీ."

జీవరత్నానికి అర్థమైంది. ఇన్నాళ్లూ ఆమె వాయించింది తన చేతిని చూసి. ఊరేగింపులో మగవాళ్లు ముందు నడుస్తారు, ఆడవాళ్లు వెనక. అతను వాయించకూడదు, వాయించినా ఆ చెయ్యి ఆమెకు కనపడదు.

"తప్పు నాదమ్మా. సులువుగా వస్తోందని సంబరపడ్డానే గానీ, ఎందుకు వస్తోందో చూసుకోలేదు." అతను తన గిటారు చేతిలోకి తీసుకున్నాడు. "మాస్టారిని అడిగి నీ ముందు వెనక్కి నడుస్తూ వాయించనా?"

"వెనక్కి నడిచి మురిక్కాలవలో పడతారు. కాజీపేట వెళ్లాల్సిన మనిషి." హన్నా నవ్వలేదు. కొంచెంసేపు కార్డ్‌ల కాగితం వైపు చూసి, దాన్ని మడిచి పెట్టేసింది. "ఒక తువ్వాలు ఇప్పించండి అన్నయ్యగారూ."

"ఎందుకు?"

"టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషను మీద గుడ్డ కప్పేవాళ్లండి. అక్షరాలు చూస్తే చెయ్యి నేర్చుకోదని. మొదటి వారం అందరం ఏడ్చాం. తర్వాత చూడాల్సిన పని లేకపోయింది."

ఆమె తువ్వాలును గిటారు మెడ మీద, తన కుడిచేతి మీద కప్పుకుంది. జీవరత్నాన్ని కుర్చీ గోడవైపు తిప్పుకోమంది. అతను తిప్పుకున్నాడు. గురువు గోడను చూస్తూ, శిష్యురాలు తువ్వాలు కప్పుకుని, గురు శుక్ర శనివారాలు గడిచాయి. తప్పు పలికినప్పుడు అతను నోరు తెరవబోయేవాడు. "చెప్పకండి" అనేది ఆమె, వెనక నుంచి. పదకొండేళ్లలో అతను నేర్పింది తొమ్మిదిమందికి. తనకు రాని పద్ధతిని తనకు నేర్పిన శిష్యురాలు ఈమె ఒక్కతే. శనివారం మూడు పాటలూ పూర్తయ్యాయి. నాలుగు తప్పులు దొర్లాయి.

ఆదివారం ఉదయం ఏడింటికి అందరూ కాలనీ గేటు దగ్గర చేరారు. హన్నా ఆడవాళ్ల మొదటి వరుసలో నిలబడింది. గిటారు మెడ కుడివైపుకు పొడుచుకొచ్చి పక్కనున్న సుబ్బరత్నం భుజానికి తగిలింది.

"అమ్మో! ఏంటే, ఇటొచ్చింది నీ కర్ర?"

"మీరు నా ఎడమపక్కకి రండి పిన్నీ. నాది అంతా అటుదిటు."

ఆడవాళ్లు నవ్వుతూ సర్దుకున్నారు. జీవరత్నం ముందు వరుసలో, మాస్టారి పక్కన, మట్ట పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాడు.

మొదటి పాట జి తో మొదలైంది. వరుస కదిలింది. సి వచ్చింది. డి వచ్చింది. జీవరత్నం మట్ట మీద ఎడమచేతి వేళ్లు కార్డ్‌లకు తగ్గట్టు మారుతూనే ఉన్నాయి. రెండో పాటలో, మలుపు దగ్గర, ఒక రిక్షా అడ్డం వచ్చి వరుస చెదిరింది. గిటారు ఒక దెబ్బ తప్పింది. రెండో దెబ్బా వినపడలేదు. మాస్టారు తల కొద్దిగా తిప్పారు. ఆడవాళ్లు పాట ఆపలేదు. మూడో దెబ్బకు గిటారు వాళ్లను అందుకుంది, సరైన కార్డ్ మీదే. తప్పినచోటికి వెనక్కి వెళ్లలేదు.

జీవరత్నానికి అంతకన్నా మంచి వాయింపు ఆ రోజు అక్కర్లేకపోయింది. తప్పు దగ్గర ఆగిపోకూడదని తెలుసుకోవడానికి అతనికి రెండేళ్లు పట్టింది.

మూడో పాట చర్చి మెట్ల దగ్గర ముగిసింది. సంజీవరావు మాస్టారు చెప్పులు విడుస్తూ, జేబులోంచి కాగితం, పెన్ను తీశారు.

"ఈస్టరు పాటలు రాసుకోవాలి. ఏమేం పాడదాం?"

జీవరత్నం అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. మాస్టారు అతని వైపు చూడటం లేదు.

హన్నా గిటారును ఎడమచంకకు సర్దుకుని, మాస్టారికి ఒక్కొక్క పాట పేరే చెప్పసాగింది.