సున్నంలో నానిన చెక్క

మా బావ మంచివాడే, నోరే మంచిది కాదు. అక్క మెళ్లో మూడు ముళ్లు వేసిన రోజు నుంచీ నన్ను ఏడిపించడం తన హక్కనుకుంటాడు. మా ఫ్యాక్టరీకి మేనేజరు కూడా ఆయనే కావడంతో ఇంట్లోనూ పనిలోనూ నాకు తప్పించుకునే దారి లేదు.

మేం గింజల నుంచి నూనె పిండి బండ్లకు డీజిల్ చేస్తాం. పిండగా మిగిలిన చెక్కను ట్యాంకులో కుళ్లబెట్టి, బాయిలర్‌కు గ్యాస్ తీయడం నా పని. ఆ చెక్క పరమ మొండిది. పైకి తేలి అట్టకట్టేదే తప్ప గ్యాస్ ఇచ్చేది కాదు. సున్నపునీళ్లలో నానబెడితే లొంగుతుందని, నానినదాన్ని నానినట్టే ట్యాంకులో కుమ్మరించాను. ఆ ఘాటుకు లోపలి సూక్ష్మజీవులన్నీ చచ్చాయి. తప్పు నాదే, ఒప్పుకున్నాను.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల మరదలా?" అన్నాడు బావ. "నెల రోజులు చూస్తా. గ్యాస్ రాకపోతే ట్యాంకు కోయించి పాత ఇనుముకిచ్చేస్తా. నువ్వొచ్చి గోతాలు కుట్టుకో."

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లుగా సాకుతున్న ట్యాంకు అది. అది పోతే అక్కడ నాదంటూ ఏమీ మిగలదు.

ఈసారి కొత్త పేడ వేసి ట్యాంకుకు మళ్లీ ప్రాణం పోశాను. చెక్కను మెత్తగా మర పట్టించాను. రోజంతా తొట్టిలో సున్నపునీళ్లు పోసి నానబెట్టి, పులిసిన బియ్యపు కడుగునీళ్లు కలిపి ఘాటు విరిచి, లిట్మస్ కాగితం సరేనన్నాకే వేశాను. పసిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు రోజురోజుకూ కాస్త కాస్త పెంచాను. అయినా గ్యాస్ మీటరు ముల్లు కదల్లేదు. ట్యాంకు మీది గ్యాస్ కుళాయి తిప్పి చూడమని మనసు పోరేది. ఏమీ రాకపోతే ఎలాగన్న భయంతో ముట్టుకోలేదు.

నెల నిండిన రోజు పొద్దున్నే వెల్డర్ వచ్చి గ్యాస్ కట్టర్ పైపులు విప్పాడు.

"గ్యాస్ లేదు, ఖాళీ ట్యాంకే, కానీయ్," అన్నాడు బావ.

వెల్డర్ తొందరపడలేదు. ఏది కోయాలన్నా ముందు సబ్బునీళ్లు రాసి చూడటం అతని అలవాటు. కుళాయి మూతికి నురగ పూసి, కొంచెం వదులు చేశాడు. ఒక బుడగ లేచి పిడికెడై పగిలింది. వెంటనే ఇంకొకటి లేచింది. అతను కట్టర్ కింద పెట్టేశాడు.

"దీన్ని ఖాళీ అంటారా సార్? నిప్పు పెట్టుంటే అందరం కట్టకట్టుకుని పైకి పోయేవాళ్లం!"

"పాత గాలేదో మిగిలుంటుందిలే."

వెల్డర్ ఒక ట్యూబులోకి గ్యాస్ పట్టి, ఆవరణ అవతలి మూలకు తీసుకెళ్లి అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట భగ్గుమంది.

"గాలి ఇలా మండుతుందా సార్?"

నేను గట్టిగా కేకేశాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తుప్పుపట్టి ఇరుక్కున్న మీటరు పీకి కొత్తది బిగిస్తే, ముల్లు ఎన్నడూ ఎరగని గీత దగ్గర ఆగింది. మధ్యాహ్నానికి బాయిలర్ ఒక్క కట్టె కూడా లేకుండా కూత పెట్టింది.

బావ తల గోక్కున్నాడు. "గెలిచావు తల్లీ, దండం పెడతా." వెల్డర్ వైపు తిరిగాడు. "కోత వద్దుగానీ, దీని పక్కనే ఇంకో ట్యాంకు కట్టిపెట్టు."

"ట్యాంకు తర్వాత బావా," అన్నాను. "ముందు నా సున్నం తొట్టి రెండింతలు చెయ్యమను."