దువ్వితే గట్టిపడ్డ నారు

అక్క ఇరవై ఏళ్లు దర్జీ పని చేసింది. దగ్గరి చూపు మందగించి సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక మిషను మూలన పెట్టి తమ్ముడి నర్సరీలో చేరింది. గ్రీన్‌హౌస్‌లో నారుకు నీళ్లు పట్టడం, ట్రేలు సర్దడం ఆమె పని. మొక్కల గురించి పెద్దగా తెలియకపోయినా, వరసలో ఏది హెచ్చుతగ్గుగా ఉందో ఆమె కంటికి ఇట్టే దొరికిపోయేది.

ఆ ఏడు టమాటా నారు పోసిన దగ్గర్నుంచి రెండు వారాలు మబ్బు వీడలేదు. వెలుతురు కోసం వెతుక్కుంటూ మొక్కలు ఎడాపెడా పొడుగు సాగాయి. కాండాలు దారపు పోగుల్లా ఉన్నాయి. నీళ్లు పడితే చాలు, ఒకదాని మీద ఒకటి వాలిపోయేవి.

తమ్ముడు తల పట్టుకున్నాడు. మరో మూడు వారాల్లో ఆ నారు కొలబద్దకు ఇవ్వాలి. కొలబద్ద అంటే జేబులో ఎప్పుడూ ఒక కొలబద్ద పెట్టుకు తిరిగే పెద్ద రైతు. కిందటేడు ఇక్కడ కొన్న నారు మొదటి గాలికే సగం నేల మీద పడుకుంది. "ఈసారీ అలాగే అయితే మీ గుమ్మం తొక్కను" అని మొహం మీదే చెప్పేశాడు.

తమ్ముడు ఎదుగుదల ఆపే మందు డబ్బా తెచ్చాడు. మూత తీయబోతుంటే అక్క అడ్డం వచ్చింది.

"ఆగరా. ముందు ఇటు రా."

నడవ పక్కన ఉన్న బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. నడవ వైపు అంచున ఉన్న మొక్కలు మిగతావాటి కంటే పొట్టిగా, లావుగా ఉన్నాయి.

"అంచున మట్టి తొందరగా ఆరిపోతుందక్కా. నీళ్లు చాలక గిడసబారి ఉంటాయి."

"అయితే గోడ వైపు అంచు కూడా అలాగే ఉండాలిగా? వెళ్లి చూడు."

తమ్ముడు వెళ్లి చూశాడు. గోడ వైపువి అన్నిటికంటే పొడుగ్గా ఉన్నాయి.

"ఈ నడవలో రోజుకు యాభైసార్లు తిరుగుతాను. తిరిగినప్పుడల్లా నా ఏప్రన్ వీటిని రాసుకుంటూ పోతుంది" అంది అక్క. "బయట మొక్కకు గాలి ఉంటుంది. ఊగీ ఊగీ నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది. ఇక్కడ గాలేదీ? నువ్వు వీటిని కాలు కిందపెట్టనివ్వకుండా పెంచుతున్నావు."

"అయితే మొక్కల్ని దువ్వమంటావా?"

"నేనే దువ్వుతాను. పది రోజులివ్వు. ఆ డబ్బా అలా ఉంచు."

మరదలు పక్క బల్ల దగ్గర్నుంచి నవ్వింది. "మీ తమ్ముడు తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో వదినా. అక్కణ్ణుంచి మొదలెట్టు."

అక్క రెండు ట్రేలు పక్కపక్కన పెట్టింది. రెంటికీ ఒకే నీళ్లు, ఒకే వెలుతురు. ఒకదాని మీద మాత్రం పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు మెత్తటి గుడ్డ పీలిక ఆడించింది. ఆరో రోజుకే తేడా తెలిసిపోయింది. దువ్విన ట్రేలో మొక్కలు పొడుగు సాగడం తగ్గించి, కాండం లావు చేసుకున్నాయి. ఆకు రంగు ముదిరింది.

"పది రోజులు అక్కర్లేదక్కా" అన్నాడు తమ్ముడు. ఆ మధ్యాహ్నమే ఒక పొడవాటి పైపుకు వరసగా గుడ్డ పీలికలు కట్టాడు. చెరో కొస పట్టుకుని మొగుడూపెళ్లాలు బల్లల వెంబడి నడుస్తుంటే పీలికలు నారు మీదుగా జారుకుంటూ వెళ్లేవి. దువ్వని ట్రేను మాత్రం అక్క అలాగే అట్టేపెట్టింది.

పైపుతో దువ్వడం మొదలెట్టిన మూడో రోజు పని తొందరలో అక్క నీళ్లు పట్టిన వెంటనే పైపు నడిపించింది. రెండు రోజులకు ఐదు ట్రేలలో ఆకులు చిరిగి, నల్ల మచ్చలు తేలాయి. తమ్ముడు నీరుగారిపోయాడు.

"తప్పు నాదే" అంది అక్క. "తడిసిన ఆకును కదిలించాను. తడి గుడ్డను లాగితే పాడవుతుందని ఇరవై ఏళ్లు జనానికి చెప్పినదాన్ని, ఇక్కడ మర్చిపోయాను."

"మానేద్దామా మరి?"

"ఐదు ట్రేలు పోయాయి. మిగతావి చూడు, ఎంత పొందిగ్గా ఉన్నాయో. నాకు నమ్మకముందిరా."

ఆ ట్రేలను తనే బయటికి మోసుకెళ్లి పూడ్చేసింది. పీలికలన్నీ ఉడకబెట్టి ఆరేసింది. ఆ తర్వాత ఆకు పూర్తిగా ఆరందే ఎవర్నీ పైపు ముట్టుకోనివ్వలేదు.

చెప్పిన రోజుకు కొలబద్ద వచ్చాడు. వస్తూనే కొలబద్ద తీసి ఒక మొక్క పక్కన నిలబెట్టాడు.

"ఇవి పసివి. ఇంకో వారం ఉంచండి."

"వయసు సరిగ్గానే ఉందండీ" అంది అక్క. "దాన్ని కాసేపు జేబులో పెట్టుకుని, మొక్కను వేలితో వంచి చూడండి."

ఆయన వంచాడు. వదలగానే మొక్క నిటారుగా లేచింది. అక్క దువ్వని ట్రే తెచ్చి ముందు పెట్టింది. అందులో మొక్క వంచితే వంగినచోటే ఉండిపోయింది. ఆయన రెండు ట్రేలలోనూ ఇంకో నాలుగు మొక్కలు వంచి చూశాడు.

"నాకిచ్చేవి అన్నీ ఈ పొట్టివేనా?"

"అన్నీ."

"వ్యానులోకి ఎక్కించండి."

నారు నాటిన ఎనిమిదో రోజు పెద్ద గాలి లేచింది. షెడ్డు మీది రేకు ఒకటి ఎగిరి వీధిలో పడింది. తమ్ముడు ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ఫోను మోగేదాకా కూర్చుంటావా? పద, మనమే వెళ్దాం" అని అక్క చెప్పులు వేసుకుంది.

వాళ్లు వెళ్లేసరికి కొలబద్ద చేలో గొంతుక్కూర్చుని మొక్కలు లెక్కపెడుతున్నాడు. ఆకులు మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి గానీ వరసలు వరసలుగానే ఉన్నాయి.

"నూటికి మూడు పడ్డాయి" అన్నాడు లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "పక్క చేలో సగం పోయాయి. వచ్చే నెల వంగ నారు కూడా మీ దగ్గరే. ఇలాగే దువ్వి ఇవ్వండి."

తమ్ముడు సరేననబోయాడు. అక్క ఆపింది.

"వంగ సంగతి నాకింకా తెలీదండీ. అన్ని మొక్కలూ ఒకేలా ఉండవు. పోసి చూసి చెబుతాను."

"తెలీదని చెప్పే నర్సరీవాళ్లను ఇదే చూడటం" అన్నాడాయన. మొదటిసారి నవ్వాడు.

మర్నాడు తమ్ముడు గ్రీన్‌హౌస్ పని మొత్తం అక్కకు అప్పజెప్పాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని వంగ విత్తనాల పొట్లం విప్పింది.