మీసాల కెప్టెన్

మదనపల్లె బస్టాండు దాటకముందే శాలేము రాజు సగం బస్సుకు టికెట్లు కొట్టేశాడు. కుప్పం డ్యూటీ పడిన రోజు ఆయన చేతులకు తొందరెక్కువ. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా గుండీ పొట్ట మీద ఎప్పుడూ ఊడబోతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కోడిని కోస్తుంటే వీధి చివరిదాకా వెళ్లి నిలబడే ఈ కండక్టరు పోగుచేసేది మాత్రం యుద్ధాలు.

పాత ఇంగ్లీషు యుద్ధం సినిమాల లాబీ కార్డులు. ఒకప్పుడు హాలు ముందు అద్దాల పెట్టెలో తగిలించి జనాన్ని లోపలికి లాగిన రంగు ఫోటో అట్టలు. మూతపడిన హాళ్లు తిరిగి, ఎలుకలు కొరకగా మిగిలినవి తెచ్చి గోడలనిండా తగిలించాడు. ఆ సినిమాల్లో ఒక్కటీ చూడలేదు. అట్టలు వరసగా పేర్చి కథ తనే అల్లుకునేవాడు. ఆయన అల్లిన యుద్ధాల్లో చచ్చేవాళ్లు బహు తక్కువ.

"యాడ సూసినా తుపాకులే. పాస్టరయ్య వస్తే ప్రార్థనకు యాపక్క తిరిగి కండ్లు మూసుకోవల్లో తెలీలే" అనేది భార్య తబిత. పాస్టరయ్య వచ్చే పూట ట్యాంకుల అట్టల మీద దుప్పటి కప్పేది.

పుంగనూరులో బస్సు ఒక కల్యాణమంటపం ముందు ఆగింది. ఒకప్పుడది సినిమా హాలు. కొన్నేళ్ల కింద అక్కడి స్టేజీ కిందికి రాజు పాకి వెళ్తే పెళ్లివాళ్లు చెప్పుల దొంగ అనుకొని కాళ్లు పట్టి ఈడ్చారు. అయినా ఒకే సినిమావి ఏడు అట్టలతోనే బయటికొచ్చాడు. ఏడో అట్టలో మీసాల కెప్టెన్, ఎడమ చేతికి నెత్తురోడుతూ, కళ్లు మూసుకొని గుంతలో పడి ఉంటాడు. ఆఖరిదైన ఎనిమిదోది కుప్పంలో చిన్నస్వామి దగ్గర ఉండిపోయింది.

చిన్నస్వామి ఆ హాల్లో ఆ సినిమా ఆడించిన ఆపరేటరు. ఇల్లు కుప్పం బస్టాండు వెనకే. బస్సు ఆగినప్పుడల్లా రాజు అక్కడికి పరుగెత్తేవాడు. ఏళ్లుగా ఒకటే తగాదా.

"కెప్టెన్ సచ్చిపోయినాడు రాజప్పా. ఆడించినోడిని నేను."

"సావలేదు పెద్దాయనా. ఆఖర్లో నువ్వు రీళ్లు సుట్టుకుంటా ఉంటివి. నీకు ఇంగ్లీషన్నా వచ్చునా?"

"సచ్చేదానికి ఇంగ్లీషు యాల?"

"అయితే ఆ అట్ట సూపియ్యి. తేలిపోతాది."

"మళ్లొచ్చినప్పుడు సూస్తాములే."

ఆ రోజు రాజు దగ్గర కొత్త వాదన ఉంది. గుంతలో పడినా కెప్టెన్ టోపీ ఊడలేదు. చచ్చినోడి టోపీ నెత్తిన నిలుస్తుందా? పలమనేరు దాటాక ఒక ముసలమ్మను అడిగి చూశాడు. "ఊడాల్సిందేనప్పా" అందామె టికెట్ అందుకుంటూ. రాజుకు ధైర్యం వచ్చింది.

కుప్పంలో చిన్నస్వామి ఇంటి ముందు షామియానా విప్పుతున్నారు. కూతురు జయమ్మ గడపలో నిలబడి ఉంది.

"నాయన మొన్న పోయినాడన్నా. నిద్రలోనే. నీ నెంబరు మా కాడ లేకపోయె." లోపలికెళ్లి ఒక అట్ట తెచ్చిచ్చింది. "తాను పోయినాకనే నీకియ్యమన్నాడు. ముందే ఇయ్యనని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు."

అట్ట మీద రైలుస్టేషన్. బెంచీ మీద మీసాల కెప్టెన్. ఎడమ చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. కుడిచేతిలో రొట్టె. నములుతున్నట్టు బుగ్గ ఉబ్బి ఉంది.

బతికాడు. ముసలాయనకు ఇన్నేళ్లూ తెలుసు. ఓడిపోయానని ఒప్పుకోలేక దాచాడు. రాజుకు నవ్వు తన్నుకొచ్చింది, చావింట్లో ఎట్లా నవ్వడమని పెదవి కొరుక్కున్నాడు. జయమ్మే ముందు నవ్వేసింది. తర్వాత ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. నేను చెప్పలేదా పెద్దాయనా అనబోయి రాజు తల తిప్పాడు. ముసలాయన మంచం ఎత్తి గోడకు ఆనించేశారు.

డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదలబోతుంటే జయమ్మ ఆయాసంతో కిటికీ దగ్గరికొచ్చింది.

"ఇదీ నువ్వే పెట్టుకోన్నా. పొద్దస్తమానం దీన్ని పట్టుకొని ఆ అట్టనే సూస్తాండె, కెప్టెన్ సచ్చిన గుర్తు యాడన్నా దొరుకుతాదేమోనని."

పిడికి దారం చుట్టిన చిన్న భూతద్దం. అద్దం అంచున ముసలాయన బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు.