జోగమ్మ సత్రం మందు

మల్కాపురంలో మధ్యాహ్నం కుళాయి వచ్చే వేళకి ఫక్రుద్దీన్ చాచా వీడియో గేముల షాపులో మూడో టీవీ ముందున్నవాడు ఎవడైనా సరే, ఆడుతున్న ఆటని మొదటి ఊరికి తిప్పి, రిమోట్ కింద పెట్టి పక్కకి జరగాల్సిందే. లేకపోతే జోగమ్మ బయటికి రావడానికి వీలుండదు.

షాపంటే రిఫైనరీ గోడకి ఎదురుగా ఒక రేకుల గది. మూడు టీవీలు, నాలుగు బల్లలు, మూలన ఒక ఫ్యాను. ఆ గాలి చాచాకి తప్ప ఇంకెవరికీ తగలదు. మూడో టీవీలో ఆడే ఆట అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు. పోర్టుకి వచ్చిన జపాను ఓడలో వంటవాడొకడు చాచా దగ్గర రెండు గళ్ళ లుంగీలు తీసుకుని, బదులుగా ఆ కేసెట్టు, దాని మెషీను ఇచ్చి వెళ్ళాడు. అట్ట మీద అక్షరాలు సిరాలో పడి లేచిన చీమలు నడిచినట్టుంటాయి. ఆటలో కోటలు ఏడున్నాయి కాబట్టి కుర్రాళ్ళు దానికి 'ఏడు కోటలు' అని పేరు పెట్టేసుకున్నారు. ఒక వీరుడు ఊరూరూ తిరుగుతాడు. ఎదురైన ప్రతివాడితోనూ మాట్లాడతాడు. అడక్కుండా వాళ్ళిళ్ళల్లో దూరి కుండలు పగలగొడతాడు. ఎవరూ ఏమీ అనరు. అలా తిరిగి తిరిగి చివరి కోటలో రాక్షసుణ్ణి చంపాలి.

మొదటి ఊళ్ళో ఒక సత్రం ఉంది. దాన్ని నడిపేది జోగమ్మ. దెబ్బలు తగిలిన వీరుడు అక్కడ ఓ కునుకు తీసి లేస్తే ఒళ్ళు బాగైపోతుంది. పోయేటప్పుడు నీలం సీసాలో మందు కూడా ఇస్తుంది. కొన ఊపిరితో ఉన్నవాడు అది తాగినా లేచి కత్తి పట్టుకుంటాడు. సత్రం ముందు బావి కూడా ఉంది. కాకపోతే బొమ్మ గీసినవాడు బావి గీశాడు గానీ అందులో నీళ్ళు గీయడం మర్చిపోయాడు. అందుకని జోగమ్మ బిందె పట్టుకుని తెరలోంచి దిగి, బల్లల మధ్యనుంచి దారి చేసుకుంటూ వీధి కుళాయికి వెళ్ళేది. ఒక సత్రానికి అన్ని నీళ్ళు ఎందుకో ఎవరూ అడగలేదు.

వీధిలో దీని మీద పేచీ ఒక్కసారే వచ్చింది. ఈ వార్డులో రేషన్ కార్డు లేని మనిషికి వరసలో చోటెలా ఇస్తామని ఆ వీధిలోనే ఉండే కాశమ్మ నిలదీసింది. అయితే జోగమ్మ బిందె ఆటలో గీసిన బిందె కదా, గుండ్రంగా ఉండదు, మెట్లు మెట్లుగా మూలలు. చంకలో పెట్టుకుంటే డొక్కలో గుచ్చుకుంటుంది. ఆ అవస్థ చూడలేక కాశమ్మే మర్నాడు ఒక పాత చీర ముక్క మడిచి ఇచ్చింది. "ఇది అడ్డం ఎట్టుకోయే. నీ బిందెకి సొట్టలెట్టినోడి సేతులిరగ," అంది. అప్పణ్ణుంచి ఇద్దరూ వరసలో పక్కపక్కనే.

సత్రం తెర మీద ఉన్నంతసేపే జోగమ్మ రాకపోకలు. ఓ రోజు ఆవిడ నీళ్ళకి వెళ్ళిందన్న సంగతి మర్చిపోయి మణికంఠ అనే కుర్రాడు ఆటని మూడో కోటలోకి తీసుకుపోయాడు. ఆ పూట జోగమ్మ చాచా వాళ్ళమ్మ జైతూన్ బీ దగ్గర భోంచేసి, అత్తరు వాసన కొడుతూ ఆలస్యంగా సత్రానికి చేరింది.

ఆ షాపులో కూర్చునే ఒకే ఒక్క ఆడపిల్ల చంద్రిక. నాన్న భీమశంకరరావు పోర్టులో క్రేను నడుపుతాడు. ఇంటర్ అయ్యాక చంద్రిక టైపు నేర్చుకుంది, మానేసింది. కుట్టు నేర్చుకుంది, మానేసింది. బ్యూటీ పార్లర్ కోర్సులో చేరి ఒకావిడ కనుబొమలు రెండూ రెండు రకాలుగా తీర్చి, అదీ మానేసింది. ఆమె మానకుండా చేసింది గేములే. పాత పుస్తకాల బండి మీద దొరికిన గేముల పత్రికలు ముందేసుకుని, ఇంగ్లీషు తనంతట తనే కూడబలుక్కుని నేర్చుకుంది. మొరాయించిన కేసెట్టు పళ్ళని రబ్బరుతో రుద్ది, ఉఫ్ మని ఊది, బతికించేది. అందుకని చాచా ఆమె దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. కుర్రాళ్ళు సత్రంలోకి వెళ్ళగానే టకటకా బటన్ నొక్కేసి జోగమ్మ మాటల్ని దాటేసేవారు. చంద్రిక మాత్రం తెర మీద ఆ చీమల అక్షరాల్లో ఆవిడ చెప్పేది ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా ఆగేది. ఆ మర్యాదకి మెచ్చి ఓ రోజు కుళాయి దగ్గర జోగమ్మ ఆమె చేతిలో నిజంగానే ఒక నీలం సీసా పెట్టింది. బొటనవేలంత సీసా. దానికీ మూలలే.

"కట్టమొచ్చినప్పుడు తాగీయే సంద్రీ," అంది.

చంద్రిక దాచింది. నాన్నకి నడుం పట్టేసినప్పుడు సీసా బయటికి తీసింది. నడుమే కదా, ఇంతకన్నా పెద్ద కష్టం వస్తే అనుకుని మళ్ళీ బీరువాలో పెట్టేసింది. టైపు పరీక్ష రోజు తీసింది, పెట్టేసింది. ఆ కనుబొమలావిడ మొగుడు కేకలేసుకుంటూ ఇంటిమీదకి వచ్చిన రోజు మూత దాకా తీసి, మళ్ళీ బిగించింది. ఏడు కోటలు ఆడేవాళ్ళందరిదీ అదే జబ్బు. రాక్షసుడికోసమని మందంతా మూటగట్టి, దారిలో ఏ తోడేలు చేతిలోనో చచ్చిపోతారు. చచ్చాక చూస్తే సంచీ నిండా నీలం సీసాలు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు మణికంఠ ఒక పత్రిక పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మణికంఠ షిప్‌యార్డులో వెల్డింగు అప్రెంటిసు. వాడికి నిప్పురవ్వల కంటే గేముల మీదే ఎక్కువ ధ్యాస.

"బావా! కొత్తవన్నీ పడ్డాయి. కార్ల గేము వచ్చీసింది. కుస్తీది వచ్చీసింది. అదంతా వదిలీ. మన ఏడు కోటలు మళ్ళీ తీత్తన్నార్రా!"

పక్క బల్ల మీద కూర్చున్న ఉమాశంకర్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఎవరేం చెప్పినా నమ్మకపోవడం అతని అలవాటు. "కోతలు కొయ్యకు."

"అమ్మతోడు. సూడు, గుర్రం జూలు. ఎంటిక్కి ఎంటిక యేరేగా ఎగురుతాది."

"జూలు ఎగిరితే నీకేటి? నువ్వు మూడో కోటే దాటలేవు."

"దాటకపోతే ఏటి? ఒడ్డున నిలబడి జూలు సూత్తాను."

పత్రిక చంద్రిక చేతికొచ్చింది. ఆమె వేలు పెట్టి వరస వెంట వరస చదువుతూ అర్థం చెబుతోంది. మనుషులు నోరు తెరిచి మాట్లాడతారట. చెట్ల నీడలు కదులుతాయట. అంతలో వేలు ఆగిపోయింది.

"సత్రం తీసేశారు," అంది.

"తీసేస్తే పడుకునేదెక్కడ?" అన్నాడు ఉమాశంకర్.

"పడుకోనక్కర్లేదట. బటన్ నొక్కితే నడిరోడ్డు మీదే ఒళ్ళు బాగైపోతుందట. ఆట వేగం పెంచడానికి."

అప్పుడే జోగమ్మ నిండు బిందెతో గుమ్మంలోకి వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఫ్యాను వంక చూడటం మొదలుపెట్టారు.

"ఏటి, అందరూ అలాగున్నారు?" అని ఒక్కొక్క ముఖమే చూసి, చివరికి చంద్రిక దగ్గర ఆగింది. "సెప్పు."

చంద్రిక చెప్పింది. జోగమ్మ బిందెని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"మరి నానెక్కడుంటానే?"

చాచా గల్లా వెనకనుంచి లేచాడు. కొత్త ఆటకి కొత్త మెషీను కావాలి. కొత్త మెషీను వైర్లు పట్టేది మూడో టీవీకే. గాజువాకలో అప్పటికే రెండు షాపులు కొత్తవి తెచ్చాయి, చాచా బల్లలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. "నాక్కూడా దిల్ ఒప్పడం లేదు బేటీ," అన్నాడు. "మెషీన్ వచ్చే నెల వస్తాది. పాతది గోనెసంచీలోకి పోవాల్సిందే. ఆ రెండు టీవీల సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు. మొదటి దాంట్లో బొమ్మ పైకీ కిందకీ దొర్లుతూనే ఉంటుంది. రెండో దాంట్లో అంతా ఆకుపచ్చ. ఓసారి రెండో టీవీలోంచి దిగిన జోగమ్మ సాయంత్రం దాకా పొట్లకాయ రంగులో తిరిగింది. పసిరికలేమో అని కాశమ్మ నాటువైద్యం చేయించబోయింది.

"ఎవరింట్లోనైనా మంచి టీవీ దొరికితే?" అంది చంద్రిక.

"మన ఇళ్ళల్లోనా? మా అమ్మ సీరియల్ ఆపితే నన్ను సంపీద్ది," అన్నాడు మణికంఠ.

దారి ఒకటే కనిపించింది. మద్దిలపాలెంలో ఎల్లాజీ అనే ఆయన కేబుల్ నడుపుతున్నాడు. ఆదివారాలు కొత్త గేముల మీద ఫోన్ ప్రోగ్రాం పెడతాను, మాట్లాడే మనిషి కావాలి అని రెండు రోజులుగా తెర కింద అక్షరాలు నడిపిస్తున్నాడు. ఆ చోటు దొరికితే పాత మెషీను స్టూడియోలో పెట్టుకోవచ్చు, వెనకాల సత్రం చూపించుకోవచ్చు. చంద్రిక ఫోన్ చేసింది. గురువారం మధ్యాహ్నం రమ్మన్నారు. దొరక్కపోతే జోగమ్మకి గోనెసంచీ.

ఈసారి సీసా బీరువాలోంచి తీసి మళ్ళీ పెట్టలేదు. జాకెట్లో దోపుకుంది. మద్దిలపాలెం దాకా బస్సు కుదుపులకి మూలలు గుచ్చుకుంటూనే ఉన్నాయి.

స్టూడియో అంటే మిఠాయి కొట్టు మీది గది. గోడకి నీలం దుప్పటి, బల్ల మీద ప్లాస్టిక్ పూలు, ఎదురుగా వంట చేసుకోగలిగినంత వేడి లైటు. చంద్రిక కంటే ముందు టై కట్టుకున్న కుర్రాడొకడు కూర్చుని గ్రాఫిక్స్ గురించి ఇంగ్లీషులో గడగడా చెప్పేసి వెళ్ళాడు. ఎల్లాజీకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అందుకే చాలా మెచ్చుకున్నాడు.

"కానియ్యమ్మా," అన్నాడు చంద్రికతో.

బస్సులో వల్లె వేసుకున్న వాక్యాలన్నీ ఆ లైటుకి ఆవిరైపోయాయి. "ప్రేక్షక మహాశయులకు..." అంది. తర్వాత ఏముందో గుర్తు రాలేదు. ఎల్లాజీ గడియారం చూసుకున్నాడు. చంద్రిక సీసా తీసి, మూత లాగి, కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

ముందు తుప్పు రుచి తగిలింది. వెనకాలే బ్లీచింగు. ఆ వెనక సన్నగా రిఫైనరీ వాసన.

చంద్రిక కళ్ళు తెరిచింది. ఈ రుచి తెలీకపోవడమేమిటి? పుట్టిన దగ్గర్నుంచీ రోజూ తాగుతున్నదే. మల్కాపురం కుళాయి.

స్నానం చెయ్యని, అన్నం తినని బొమ్మ వీరులకోసం బిందెలు బిందెలు మోసుకెళ్ళింది ఇందుకా! ఏడు కోటల పొడుగునా కుర్రాళ్ళు ప్రాణంలా దాచుకున్నది ఇదా! నాన్న నడుంకి కూడా వాడకుండా తను బీరువాలో తాళం వేసింది ఇదా! పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపబోయింది, ముక్కులోంచి వచ్చేసింది.

"ఏటమ్మా, ఏటైంది?" అన్నాడు ఎల్లాజీ కంగారుగా.

"ఏటీ అవలేదండీ," అంది చంద్రిక కళ్ళు తుడుచుకుంటూ. ఇక మహాశయులెవరూ గుర్తుకు రాలేదు, షాపులో బల్ల మీద కూర్చున్నట్టే మొదలుపెట్టింది. "ఏడు కోటలని ఓ ఆటుందండీ. దాన్ని మళ్ళీ తీత్తన్నారు. గుర్రం జూలు ఎగురుతాదంట, ఎగరనీండి. నాకేటీ కోపం లేదు. కానీ సత్రం పీకేశారు. రోజల్లా దెబ్బలు తిన్నోడు కాసేపు నడుం వాల్చేదెక్కడండీ? లోపలికొచ్చినోణ్ణి 'ఉంటావా బాబూ' అని అడిగే మనిషి ఆ ఆట మొత్తానికీ ఒక్కర్తే. ఆవిణ్ణి తీసేసి బటన్ ఎట్టారు. అయినా మనం మాత్రం తక్కువా? ఆవిడ మాటాడితే దాటేస్తాం. మందిస్తే దాచేస్తాం. సచ్చినాక సంచీ ఇప్పి చూసుకుంటాం. నానూ అంతే, ఇదిగో, ఈ సీసా..."

ఫోన్ మోగింది.

ఎల్లాజీ ఫోన్ వంక, కెమెరా వంక, మధ్యాహ్నం భక్తిపాటల కేసెట్టు వేసే డెక్కు వంక చూశాడు. కేసెట్టు ఎప్పుడో అయిపోయి, లైను దానంతటదే కెమెరాకి పోయింది. లైను మార్చేవాడు టీకి వెళ్ళాడు. చంద్రిక మాటలు ఊరంతా వెళుతున్నాయి.

"అమ్మా, జ్ఞానాపురం నుంచి," అంది ఫోన్లో ఎవరో పెద్దావిడ. "మా ఆయన నైటు డూటీ నుంచి వచ్చి గోడకి తిరిగి తొంగుంటాడు. నానిప్పుడే ఎళ్ళి 'ఎలగున్నావయ్యా' అని అడిగేను. ఏడిసీసేడమ్మా. ఆ సత్రం ఆవిడ పేరేటి?"

టై కుర్రాడికి తర్వాత ఫోన్ చేస్తామని చెప్పారు. చెయ్యలేదు.

మర్నాడు కుళాయి దగ్గర చంద్రిక ఖాళీ సీసా జోగమ్మ ముఖం ముందు ఆడించింది. "మామ్మా, ఇది కుళాయి నీళ్ళే కదేటి?"

"మరేటనుకున్నావే?" అంది జోగమ్మ. "మందులు సెయ్యడానికి నానేటి డాట్రమ్మనా? దెబ్బ తగిలినోడికి కాసిన్ని నీళ్ళు తాగించి, కూకోమంటే వాడే లేత్తాడు. ఇటియ్యి, నింపుతాను."

"నీళ్ళే అని ముందే సెప్తే?" అంది వరసలోంచి కాశమ్మ.

"సెప్తే ఎవడు తాగుతాడే?"

నెల తిరిగాక కొత్త మెషీను వచ్చింది. మూడో టీవీలో జూలు ఎగిరింది. మణికంఠ చెప్పిన మాట ప్రకారం ఒడ్డున నిలబడి దాన్నే చూస్తూ తోడేలు చేతిలో చచ్చిపోయాడు. చాచా పాత మెషీనుని గోనెసంచీలో కాకుండా తన పెళ్ళి శాలువాలో చుట్టి, బస్సెక్కి మరీ స్టూడియోకి పట్టుకెళ్ళాడు. ఆ ఆదివారం నీలం దుప్పటి ముందు ఒక టీవీ, అందులో మొదటి ఊరు, నీళ్ళు లేని బావి, సత్రం. దాని ముందు చంద్రిక, పక్కన బల్ల మీద నింపిన సీసా. ఎల్లాజీ కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ సత్రం తలుపు తెరుచుకుని ఉంది.

మొదటి ఫోన్ కంచరపాలెం నుంచి.

"ఇదిగో అమ్మాయ్, మా టీవీలోంచి ఒకావిడ బిందెట్టుకుని దిగింది. మా వీధి కుళాయిలో నీళ్ళు పట్టుకుంది. మీ కాశమ్మకి తన జాగా ఉంచమని సెప్పమంది, మళ్ళీ టీవీలోకి ఎళిపోయింది. నాకేటీ అభ్యంతరం లేదు. కానీ ఇల్లంతా ఇప్పుడే అలికేను. కాళ్ళు తుడుసుకుని తొక్కమని కొంచెం సెప్పమ్మా."

"సెప్తానండీ," అంది చంద్రిక. సీసా తీసి ఒక గుక్క తాగి, రెండో ఫోన్ అందుకుంది.