మొదటి గుంటలో

గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ ఆగగానే ఆమె గొట్టాన్ని కుదుపు లేకుండా పైకి తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఎర్రకణాలు అడుగుకు దిగిపోయాయి. పైన పసుపు నీరు తేలింది. నడుమ గోరంత మందాన తెల్లటి పొర నిలిచింది. ఆ పొరనే పిపెట్టుతో పీల్చి తీయాలి. రక్తంలో చేరిన డెంగీ వైరస్ కాపురం పెట్టేది ఆ తెల్లకణాల్లోనే.

ఈ పనిలోనే ఆమె జుట్టు నెరిసింది. పిపెట్టు నొక్కి నొక్కి కుడి బొటనవేలు పక్కకు తిరిగింది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే రక్తపరీక్షలని చెప్పి ఊరుకుంటుంది. అంతకు మించి చెప్పబోతే వినేవాళ్లు తమ షుగర్ సంగతి ఎత్తుకుంటారు.

ఈరోజు ఫ్రీజర్‌లోంచి తీసిన సీరం గొట్టం ఆఖరిది. అది చనిపోయిన తన భర్తది.

ఆయన ఈ ల్యాబులోనే వ్యాన్ డ్రైవరు. ఆసుపత్రుల నుంచి ఐసు పెట్టెల్లో రక్తం తెచ్చేవాడు. ఒకసారి ఆయనకే డెంగీ వచ్చి తగ్గింది. కోలుకున్నాక, ల్యాబులో పరిశోధన నడిపే మేడమ్ అడిగిందే తడవుగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ రక్తంలోంచి కణాలు పోగా తేరిన సీరాన్ని చిన్న చిన్న గొట్టాల్లో పోసి దాచారు. ఇక ఆయన గొప్పలకు హద్దు లేకుండా పోయింది. ఆమె దోమల కాయిల్ వెలిగిస్తే ఆర్పేసి, "నాకెందుకే ఇదంతా, నేను పాసైపోయినవాణ్ణి" అనేవాడు.

ఆయన చెప్పింది సగం నిజం. ఆ మిగతా సగాన్నే ఆమె రోజూ ఇక్కడ చూస్తుంది. ప్లేటు నిండా వేలికొన పట్టేంత గుంటలుంటాయి. మొదటి గుంటలో సీరాన్ని చిక్కగా వేస్తుంది, తర్వాతి గుంటల్లో పలచగా, ఇంకా పలచగా. అన్నింటిలోనూ వేరే రకం డెంగీ వైరస్, తెల్లకణాలు కలుపుతుంది. చిక్కగా ఉన్నచోట పాత జ్వరం నేర్పిన రక్షణ వైరస్‌ను చుట్టుముట్టి కట్టిపడేస్తుంది. పలచబడ్డచోట అదే రక్షణ వైరస్‌ను పట్టుకోగలదు గానీ ఆపలేదు. పైగా చేయిపట్టి తెల్లకణం గుమ్మం దాటించి లోపలికి పంపుతుంది. అసలు జ్వరమే ఎరగని రక్తంలో కంటే అక్కడ వైరస్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. వైరస్ ఉన్నచోట మెరిసే రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే మొదటి గుంట చీకటి. నడిమి గుంటలు ఆకుపచ్చగా వెలిగిపోతుంటాయి.

గడ్డకట్టిన సీరాన్ని ఐసులో నిలబెట్టి నెమ్మదిగా కరిగించాలని నియమం. అందరివీ అలాగే కరిగిస్తుంది. ఆయనది మాత్రం గ్లవ్వు తీసేసి గుప్పిట్లో పెట్టుకుంటుంది. మొదట చల్లదనం ఎముకల్లోకి దిగుతుంది, తర్వాత మెల్లగా వెచ్చబడుతుంది. ఆయన చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతుంది. పట్టుకోవడానికి దొరికేది ఇదొక్కటే. మేడమ్ ఎన్నోసార్లు చూసింది. చూసినప్పుడల్లా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంది.

ఈరోజు మేడమ్ గొట్టాన్ని చూసి, సీరం చాలదేమో అంది. మొదటి గుంటే సగం తాగేస్తుందని, దాన్ని వదిలేసి పలచని గుంటలనే రెండేసిసార్లు వేద్దామని చెప్పింది. మాట న్యాయంగానే ఉంది. ఆమె తలూపి పిపెట్టు చేతిలోకి తీసుకుంది. మళ్లీ కింద పెట్టేసింది.

"మేడమ్, మొదటిది కూడా వేస్తాను. మిగతావి ఒక్కోసారే వేద్దాం."

"అందులో ఏమీ కనిపించదు కదా అక్కా."

"కనిపించదనే. మా ఆయన బతికుండేది ఆ ఒక్క గుంటలోనే."

మేడమ్ తన స్టూలు పక్కకు జరుపుకుని, "వేయండి" అంది.

ఆమె పలచని గుంటలు ముందు నింపింది. ఆయన ఒంట్లోనూ ఏళ్లు గడిచేకొద్దీ రక్షణ ఇలాగే పలచబడింది. రెండోసారి వేరే రకం డెంగీ వచ్చినప్పుడు తెలిసిన చుట్టమేలే అని నవ్వేశాడు. జ్వరం దిగిన పూట మంచం మీద లేచి కూర్చుని కాఫీ అడిగాడు. గండం గడిచిందని ఆమె సంబరంగా వంటింట్లోకి వెళ్లింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి ఆయన కాళ్లూ చేతులూ చల్లబడిపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో తెల్లవార్లూ సెలైన్లు ఎక్కించారు. తెల్లవారాక ఆపేశారు.

గొట్టాన్ని వంచి, అడుగంతా పిపెట్టు మొనతో గీరి, మిగిలిన సీరమంతా మొదటి గుంటలో వేసింది. వైరస్‌నూ కణాలనూ కలిపి ప్లేటును ఇంక్యుబేటర్‌లో పెట్టింది. ఎల్లుండి తీసి చూస్తే ఆ గుంట చీకటిగానే ఉంటుందని ఆమెకు తెలుసు. ఆ తర్వాత చూడటానికి ఏమీ ఉండదని కూడా తెలుసు.

బల్ల తుడిచి, కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. వాడేసిన గొట్టాలన్నీ తీసుకెళ్లి బ్లీచ్ బకెట్లో వేసింది. ఒక్కటి మాత్రం వేయలేక స్టాండులోనే వదిలి ఇంటికి బయల్దేరింది. మూత లేకుండా, అడుగున చుక్కయినా మిగలకుండా, ఆ గొట్టం అక్కడే నిలబడి ఉంది.