రూత్ నవ్వినంతసేపు

మా వినీతకు వాన ముందే వినిపిస్తుంది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా చెవి మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మా, ఇంకో గంటల వస్తది" అంటుంది. నేను మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చేస్తాను. పదిహేనేళ్ల పిల్లకు ఇదేం విద్య అని మొదట్లో భయపడి సిద్ధులగుట్ట ఎక్కి మొక్కుకున్నాను. గుట్ట దిగుతుంటే "అమ్మా, ఉరుకు" అంది. ఆటో దొరికేలోపే ఇద్దరం తడిసి ముద్దయ్యాం. శివయ్య నాకు జవాబు చెప్పాడో, నన్ను చూసి నవ్వాడో ఇప్పటికీ తెలియదు.

దాని స్నేహితురాలు రూత్ సంగతి ఇంకా వింత. ఆ పిల్ల నవ్వినంతసేపు తన చుట్టూ పది పన్నెండు అడుగుల దాకా ఒక్క చుక్క కూడా పడదు. తెచ్చిపెట్టుకున్న నవ్వు పనికిరాదు, నిజంగా నవ్వాలి. ఈ సంగతి ఆ ఇద్దరికీ, రూత్ తల్లి ఆశమ్మకూ, నాకూ తప్ప అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "మా యేసయ్య ఇచ్చిండు సేటమ్మా" అంటుంది ఆశమ్మ. మరి మా పిల్లకు ఎవరిచ్చినట్టు? ఒకే వానను ఇద్దరు దేవుళ్లు పంచుకుంటారా? పెద్ద చదువు లేనిదాన్ని, దీపం పెట్టేటప్పుడు అడుగుతూనే ఉంటాను.

రెండువేల ఆరు మార్చిలో ఆశమ్మ తన పసుపును ఆర్మూర్ మార్కెట్ యార్డుకు తెచ్చింది. నందిపేట్ దగ్గర ఎకరం కౌలుకు తీసుకుని పండించిన పంట. తవ్వి, ఉడకబెట్టి, పదిహేను రోజులు ఎండబెట్టిన కొమ్ములు. కమీషన్ మీద రైతుల పంట అమ్మిపెట్టే మా ఆయన అంబదాస్ అడ్తి దుకాణం ముందు, ఆరుబయట కుప్ప పోశారు. ఎండిన పసుపు తడిస్తే రంగు చెడుతుంది, బూజు పడుతుంది. ఏడాది కష్టాన్ని ఎవరూ ముట్టరు.

ఆ మధ్యాహ్నం ఆయనకు రొట్టెల డబ్బా తీసుకుని నేను వెళ్లేసరికి పిల్లలిద్దరూ కుప్ప దగ్గరే ఉన్నారు. వినీత ఉన్నట్టుండి చెవి మూసుకుంది.

"అమ్మా, వస్తున్నది! గంట కాదు, గిప్పుడే!"

వానకు కప్పే టార్పాలిన్ పరదాలు బయట ఉన్నవన్నీ అప్పటికే వేరే కుప్పల మీద ఉన్నాయి.

"సంచులకు ఎత్తాలంటే అరగంట పడ్తది" అన్నాడు హమాలీ హన్మాండ్లు, పార అందుకుంటూ.

ఆశమ్మ కూతురి గడ్డం పట్టుకుంది. "నవ్వు బిడ్డా, జర నవ్వు."

"ఏడుపొస్తుంటే ఎట్ల నవ్వాలెనే?" అంది రూత్.

వినీత లెక్కల సారులా నడిచి చూపించింది. కోతిలా గోక్కుంది. రూత్ ముక్కు ఎగబీల్చింది తప్ప నవ్వలేదు. మొదటి చుక్క ఒక కొమ్ము మీద పడి నల్లగా మచ్చ కట్టింది.

గోదాములో ఇంకో పరదా ఉంది. తాళంచెవి మా ఆయన జేబులో. పరుగెత్తాను. దుకాణం మెట్ల మీద ఆయన ఖరీదుదారుతో బేరంలో ఉన్నాడు; యార్డులో దాన్ని సౌదా అంటారు. ధర పైకి చెప్పరు; తువ్వాల కింద చేతులు పట్టుకుని వేళ్లు నొక్కుతూ మాట్లాడుకుంటారు, ముఖాలు మాత్రం ఎటో తిప్పుకుంటారు. నేను చేరేసరికి ఆ ఖరీదుదారు తన లారీ తడుస్తుందని చెయ్యి లాక్కుని పరుగెత్తాడు. మా ఆయన అది గమనించనే లేదు. మబ్బు వైపు చూస్తున్నాడు. ఆయన్ను లేపుదామని తువ్వాల కింద చెయ్యి పెట్టానో లేదో, వేళ్లు పట్టేశాడు.

"గిట్ల కాదు సేటూ, ఇంకో వేలు పెంచు."

లాక్కోబోయాను. వదలలేదు.

"గుంజుతవేంది? అరె, ఇందాక గంత గరుకుగున్న చెయ్యి గింత మెత్తగెట్లయింది? ఏం పూసినవ్ సేటూ?"

"రొట్టెల పిండి పిసికిన" అన్నాను.

ఆయన ఇటు తిరిగాడు. తువ్వాల జారింది. గాజులు బయటపడ్డాయి.

"ఇంటి సౌదా ఇంట్ల చేస్కోవాలె సేటూ, యార్డులనా?" అని అరిచాడు హన్మాండ్లు.

అప్పుడు నవ్వింది రూత్. కడుపు పట్టుకుని, కుప్ప పక్కన కూలబడి మరీ నవ్వింది. యార్డంతా కుండపోత. ఆశమ్మ కుప్ప చుట్టూ మాత్రం గుండ్రంగా పొడి నేల.

హమాలీలు నోరు తెరిచి చూస్తుంటే ఆశమ్మ గదిమింది: "చూసుడు తర్వాత, ముందు ఎత్తుండ్రి!"

నవ్వు తగ్గుతోంది. అంచున ఉన్న కొమ్ముల మీద చినుకులు పడ్డాయి.

"బాపూ, మల్ల పట్టు అమ్మ చెయ్యి!" అరిచింది వినీత.

పెళ్లిళ్లలో కూడా నా పక్కన నిలబడి ఫొటో దిగడానికి సిగ్గుపడే మనిషి ఒక్కసారి రూత్‌ను, ఆ పొడి నేలను చూశాడు. గోదాము తెరిచి పరదా తెచ్చేలోపు కుప్ప తడిసిపోతుంది. నన్ను కుప్ప దగ్గరికి నడిపించుకుపోయి, చెయ్యి పట్టుకుని తువ్వాల కప్పాడు.

"డబ్బల ఎన్ని రొట్టెలు?"

ఒక వేలు నొక్కాను.

"ఒక్కటేనా? సచ్చిపోత సేటూ! మూడు!"

"సగం తగ్గించుకో. పొట్ట చూస్కున్నవా?"

అరగంట సేపు అలా బేరమాడాం. రూత్ నవ్వుతూనే ఉంది. ఆఖరి సంచి దుకాణంలోకి చేరాక, "ఇగ నాతోని కాదు, పక్కలు నొస్తున్నయి" అంటూ ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం మా అందరి నెత్తిన వాన కుమ్మరించింది.

ఆశమ్మ సంచిలోంచి ఒక కొమ్ము తీసి విరిచింది. ఠంగుమంది, బాగా ఎండిన పసుపు చేసే చప్పుడు. కళ్లు తుడుచుకుని కూతురిని ఒక చేత్తో, మా వినీతను ఒక చేత్తో దగ్గరికి తీసుకుంది.

పిల్లలకు ఈ విద్య ఏ దేవుడిచ్చాడని ఆ రోజు నేను అడగలేదు. నా చెయ్యి ఇంకా తడి తువ్వాల కిందే ఉంది.

"ఇంక ఇడువరాదు?" అన్నాను చెయ్యి లాగుతూ.

"సౌదా తెగలే గద" అన్నాడు మా ఆయన.